టెంకమొక్కపై అపవాదు

ఫలవృక్షములను గూర్చి మనవారిలో ప్రబలియున్న అభిప్రాయములలో, ఎవరును పరీక్షింపకయే అంగీకరించినది, అంగీకరించిన పిమ్మట ఇక పరీక్షింప నక్కరలేదని అందరును విడిచిపెట్టినది ఒకటి కలదు. మామిడిటెంకనుండి మొలచిన మొక్క వ్యర్థమనియు, అంటుకట్టిన మొక్కయే నాటదగిన మొక్క యనియు ఆ అభిప్రాయము. నర్సరీవాడు మొక్క లమ్ముచు ఈ మాట చెప్పును. అది వాని వ్యాపారము. పండు తిని పెరటిలో పారవేసిన టెంక తొలకరి చినుకులకు పగిలి రాగిరంగు చిగురు తొడిగినప్పుడు, ఇంటిపెద్ద దానిని కలుపుతోపాటు పెరికివేయుచు ఈ మాటయే యనును. గట్టుమీద తాతలనాటినుండి కాయుచున్న నాటుమామిడిని కలపవర్తకునికి బేరము పెట్టిన రైతు, మనసున కలుక్కుమన్న బాధను ఈ మాటతోనే అణచుకొనును. ఇంతమంది ఇంతకాలముగా చెప్పుచున్న మాటలో సత్యము బొత్తిగా లేకపోదు. ఉన్న సత్య మెంత, దానిపై పేరుకొన్న అసత్య మెంత యని విడదీసి చూపుటయే నా ఉద్దేశము. టెంకమొక్కను తల్లిచెట్టునకు చెడిపోయిన ప్రతిగా భావించుట పొరపాటనియు, అది తనకు తానుగా ఒక క్రొత్త వృక్షమనియు, దానిని తృణీకరించిన ప్రజలకు నేటి మామిడి మిగిలినను రేపటి మామిడి దక్కదనియు నా నిశ్చితాభిప్రాయము.

ప్రతిపక్షమువారి వాదమును ముందుగా వారి నోటనే, తరుగు లేకుండ వినుట న్యాయము. వారు మూడు నేరములు మోపుదురు. టెంకమొక్కకు తల్లిగుణము రాదు. బంగినపల్లి టెంక పాతినచో బంగినపల్లి కాయదు, పులుపో పీచో మన పాలబడును. అంటుమొక్క నాలుగైదేండ్లకే కాపునకు వచ్చుచుండగా, టెంకమొక్క ఆరేండ్లనుండి పదేండ్లవరకు కాలహరణము చేయును. మూడవది, అది ఆకాశమంత పెరిగి, నేలనంతయు నీడతో నింపి, కోతకు అందక, ఒక చెట్టు కాయకును మరియొక చెట్టు కాయకును పోలిక లేక, మార్కెట్టున ధర పలుకదు. ఈ మూడింటిలో రెండవది సత్యమే. మూడవది తోటకంచె లోపలివరకు సత్యము. మొదటిది సగము సత్యము. సగము సత్యమగుటచేతనే అది తక్కిన రెండింటికన్న ఎక్కువ అనర్థము తెచ్చినది.

మొదటి నేరమునే ముందుగా విచారింతము. మామిడిపూగుత్తియందు వందలకొలది, ఒక్కొక్కప్పుడు వేలకొలది చిన్నపూవు లుండును. వానిపై ఈగలును తేనెటీగలును వ్రాలి, ఒక చెట్టు పుప్పొడిని మరియొక చెట్టు పూవునకు చేర్చును. అట్లు ఫలదీకరణము చెందిన పూవు కాయగా మారి, ఆ కాయలోని టెంకయందు ఒక పిండము రూపొందును. ఆ పిండమునకు తల్లి తెలిసినది, తండ్రి తెలియనిది. కనుక ఆ టెంకనుండి లేచిన మొక్క తల్లికి అచ్చుగ్రుద్దినట్లుండదు. ఉండవలెనని కోరుటయే అసంగతము. కాని తల్లివలె లేకుండుటయు, తల్లికన్న హీనమై యుండుటయు ఒకటేనా? ప్రతిపక్షమువారు ఈ రెంటికిని భేదము పాటింపరు. నూరు టెంకలు నాటినచో వానిలో అధికభాగము సామాన్యములగుననుటకు నాకు అభ్యంతరము లేదు. కొన్ని తల్లితో సమానము లగును. ఎప్పుడో ఒకటి తల్లిని మించును. ఆ ఒక్కదానికొరకే మానవుడు వేలయేండ్లుగా టెంకలు నాటుచు వచ్చినాడు. నేడు మనము గర్వముతో పేరు పెట్టి పిలుచు ప్రతి మామిడియు అట్టి ఒక్క మొక్క సంతానమే.

2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బంగినపల్లికి మూలవృక్షము ఏది? సువర్ణరేఖకు, చెరకురసమునకు, కొత్తపల్లి కొబ్బరికి, జలాలునకు ఆదిపురుషు డెవడు? ఎవడో, ఎచ్చటనో, ఒక టెంకను నేలలో పాతిపెట్టగా, లేక పాతిపెట్టకయే పారవేయగా, మొలచి పెరిగి కాచిన చెట్టు. దానిపండు తిన్నవాడు నాలుక చప్పరించి, ఇది పోగొట్టుకొనరాదని తలచి, దాని కొమ్మను తెచ్చి అంటు కట్టుకొన్నాడు. లక్నో సమీపమున దశేరీ గ్రామమున దశేరీ మామిడికి మూలమైన చెట్టు నేటికిని నిలిచియున్నది. దానికి ఎవరును అంటు కట్టలేదు, అది విత్తనమునుండి వచ్చినది. మన దేశమున పేరుగల మామిడిరకములు సుమారు వేయి యుండునని చెప్పుదురు. వానిలో బహుస్వల్పమును విడిచినచో తక్కినవన్నియు ఇట్లు యాదృచ్ఛికముగా మొలచి, మనుష్యుని నాలుకచే పరీక్షింపబడి, ఎన్నుకొనబడినవే. టెంకమొక్క వ్యర్థ మను సూత్రమును మన పూర్వులు పాటించియుండినచో, అంటు కట్టుటకు మనకు కొమ్మ యెక్కడిది?

ఆ స్వల్పసంఖ్యాకములైన తక్కిన రకములును నా పక్షముననే సాక్ష్యము పలుకును. శాస్త్రజ్ఞులు బుద్ధిపూర్వకముగా ఒక రకము పుప్పొడిని మరియొక రకము పూవునకు చేర్చి పుట్టించినవానిని సంకరరకము లందుము. నీలమును దశేరీని కలిపి ఢిల్లీలో మల్లిక, ఆమ్రపాలి అనువానిని సృష్టించిరి. కోడూరు పరిశోధనస్థానమువారు నీలమునకు బేనీషానును కలిపి నీలేషానును, హిమాయుద్దీనును కలిపి నీలుద్దీనును తెచ్చిరి. సంగారెడ్డిలో రుమానియును నీలమును కలియగా మంజీర జన్మించెను. పుప్పొడి మార్చిన పిమ్మట ఆ శాస్త్రజ్ఞుడు చేసిన పని యేమి? కాయ పండువరకు కాచి, టెంక తీసి, నాటి, మొలకకొరకు ఎదురుచూచెను. ప్రతి సంకరరకమును తన తొలి జన్మమున ఒక టెంకమొక్కయే. అంటు దాని రెండవ జన్మము.

విదేశమున జరిగిన ఒక వృత్తాంతము మన నాటుమామిడికి మరింత గౌరవము తెచ్చునది. అమెరికా వ్యవసాయశాఖవారు 1889లో భారతదేశమునుండి ముల్గోబా మొక్కలను ఫ్లోరిడాకు తెప్పించిరి. ఆ ముల్గోబా టెంకలను కెప్టెను హేడెన్ అను నాతడు 1902లో కోకోనట్ గ్రోవ్ అను చోట నాటెను. 1910లో వానిలో నొకటి కాచిన పండు ఎఱ్ఱని బుగ్గలతో, దిట్టమైన చర్మముతో, దూరప్రయాణమున కోర్చునదై, హేడెన్ అను పేరనే ప్రసిద్ధికెక్కి, ఫ్లోరిడాలో తరువాత పుట్టిన అనేక వాణిజ్యరకములకు పూర్వికమైనది. దాని తండ్రి యెవరో వెదకిన జన్యుపరీక్షలు టర్పెంటైన్ అను మామిడిని చూపుచున్నవి. ఆ టర్పెంటైన్ పీచుతో నిండి, జీడివాసన కొట్టుచు, ఫ్లోరిడాలో అంటు కట్టుటకు క్రిందిమొక్కగా, అనగా వేరుమూలముగా మాత్రమే పనికివచ్చునని ఎంచబడినది. మనవారు చూచియుండినచో గొడ్డలి తెచ్చియుందురు. ఆ తిరస్కృతవృక్షము పుప్పొడి లేనిచో హేడెన్ లేదు.

ఇక సగమసత్యమును గూర్చి చెప్పెదను. టెంకమొక్కకు తల్లిగుణము రానేరాదను మాట సర్వత్ర చెల్లునది కాదు. కేరళ తీరమున ఓలూరు, చంద్రకారన్, కురుక్కన్ మొదలగు మామిడులు కలవు. వాని టెంక నొకదానిని నాటినచో ఒక మొలకకు బదులు రెండు మూడు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ మొలకలు లేచును. వానిలో అధికభాగము పుప్పొడితో నిమిత్తము లేక తల్లికణజాలమునుండియే పుట్టినవగుటచే, తల్లికి ప్రతిబింబములై, అదే రుచి, అదే ఆకృతి గల పండ్లను కాయును. మామిడి యొక్కటియే యేల? నెల్లూరు సీమలో గూడూరు, పొదలకూరు, వెంకటగిరి ప్రాంతముల నిమ్మతోటలను చూడుడు. అచటి రైతు తరతరములుగా మంచి చెట్టు పండ్లనుండి గింజ తీసి, నారు పోసి, ఏరి నాటుచున్నాడు. నిమ్మగింజకును ఈ బహుపిండలక్షణ ముండుటచే అతని తోట తల్లిచెట్లవలెనే కాయుచున్నది. విత్తుమొక్క నమ్మరాని దని శపథము పట్టువారు, దేశమున పేరు మోసిన ఒక నిమ్మసీమ విత్తుమొక్కలపైననే నిలిచియున్నదని తెలిసికొనవలెను.

కోనసీమ మాట చెప్పనక్కరయే లేదు. కొబ్బరికి అంటు లేదు, కొమ్మ లేదు. కాయనుండి మొలకెత్తిన మొక్క తప్ప దానికి వేరు గతి లేదు. కోనసీమ రైతు అందులకు దిగులుపడి కూర్చుండెనా? ఏటేట నిలుకడగా కాయు చెట్టును తల్లిచెట్టుగా ఎన్నుకొనును. దానికాయలు పూర్తిగా ముదిరిన పిమ్మట దింపి నారుమడిలో వరుసగా పాతును. ఆలస్యముగా మొలచినదానిని తీసివేయును. తొమ్మిదినుండి పన్నెండు నెలల ప్రాయమున నారుమడిలో వంగి, ఆరాకులైనను వేసినదా, మొదలు పది సెంటీమీటర్ల చుట్టుకొలత కలదా, ఆకు త్వరగా ఈనెలుగా చీలుచున్నదా యని చేతితో తాకి చూచి, ఈ పరీక్షలో నెగ్గినదానినే నాటుటకు తీయును. అంబాజీపేట పరిశోధనస్థానమున పుట్టిన గోదావరి గంగ యను సంకరకొబ్బరియు కాయమొక్కగానే రైతు చేతికి వచ్చుచున్నది. కొబ్బరి విషయమున ఇంత శ్రద్ధ చూపిన మనమే, మామిడి దగ్గరకు వచ్చునప్పటికి, ఏ చెట్టుదో తెలియని టెంకను ఏ మూలనో విసరి, మొలచినదానిని ఏరక, నీరు పోయక, చివరకు దాని నుదుట వ్యర్థమని వ్రాయుచున్నాము. మామిడిపండు రుచిని లేతమొక్కయందు కనిపెట్టలేమను మాట నేను కాదనను. కాని మొక్క సత్తువను కనిపెట్టవచ్చును, తల్లిని ఎన్నుకొనవచ్చును. ఆ రెండును చేయక పోవుట మన లోపమే గాని విత్తనముయొక్క లోపము కాదు.

రెండవ నేరము కాలవిలంబము. టెంకమొక్క ఆలస్యముగా కాయునని ఒప్పుకొంటిని. కాని తొందరగా కాయునని మనము మెచ్చుకొను అంటుమొక్క దేనిపై నిలిచి కాయుచున్నదో ఒక్కసారి వంగి చూడవలెను. తోటలో ఒక పాత అంటుచెట్టు మొదలు దగ్గర నిలిచినచో, నేలకు కొంత యెత్తున బెరడు మీద ఒక అతుకు కనబడును. అతుకునకు పైభాగము బెరడొక తీరు, క్రిందిభాగము బెరడొక తీరు. ఒక్కొక్కచో లావునందు సైతము భేదము తెలియును. అతుకునకు పైనున్నది బంగినపల్లి. క్రిందనున్నది టెంకమొక్క. వర్షము లేని వేసవిలో నీటికొరకు నేలను తొలుచుకొని పోవునది అదియే, గాలివానకు చెట్టును పట్టి నిలుపునది అదియే, ఉప్పునేలను సున్నపునేలను ఓర్చుకొనునదియు అదియే. అప్పుడప్పుడు అతుకు క్రిందినుండి అది ఒక పిలకను పైకి పంపినచో తోటమాలి వెంటనే కత్తితో చెక్కివేయును. అంతటితో దాని పేరు రూపుమాసిపోవును. ఏరు దాటి తెప్ప తగలవేయు కృతఘ్నతకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శన ముండదు. బత్తాయితోటయందును ఇదే కథ: సాతుగుడి కన్ను కట్టునది గింజనుండి పెంచిన రంగపూరు నిమ్మమొక్కపైననే.

ఈ కృతఘ్నత కేవలము నీతికి సంబంధించిన విషయమైనచో నేనింతగా వాదింపను. దానివలన చేతినష్ట మున్నది. అంటుమొక్క కొనువాడు పైకొమ్మ యే రకమో పదిసార్లు అడుగును, మొదలు ఏ రకమో ఒక్కసారియు అడుగడు. అమ్మువాడు, అడుగరు గనుక, చేతికందిన టెంకల రాసిని తెచ్చి నారు పోయును. అందుచేతనే ఒకే తోటలో, ఒకే నేలలో, ఒకే పేరుగల చెట్లలో ఒకటి ఏపుగాను ఒకటి ఈసురోమనుచును ఉండుట మనము చూచుచున్నాము. ఇజ్రాయెలువారు టెంకమొక్కలను శ్రద్ధతో పరీక్షించి, సున్నపునేలను, ఉప్పునీటిని ఓర్చుకొను 13-1 అను వేరుమూలమును ఏరుకొనిరి. విత్తుమొక్కను గౌరవించినవారికి లభించిన ఫల మది. దానిని వ్యర్థమని భావించిన మనకు ఏ వేరు దేనికి తగునో విచారించు కోరికయే అంతగా కలుగలేదు.

తల్లివేరును గూర్చి ఇంకొక మాట. టెంకను చీల్చి చూచినచో లోపల తెల్లని జీడి పొరలలో ఒదిగి యుండును. దానిని తడినేలలో పెట్టిన రెండుమూడు వారములలో మొలక లేచును. మనము పైకి చూచునది జానెడు కాడయు, వ్రేలాడు నాలుగు ఎఱ్ఱని లేతాకులును. అప్పటికే వేరు నిట్టనిలువుగా క్రిందికి చాలదూరము పోయియుండును. ఆ టెంక ఎచ్చట మొలచెనో అచ్చటనే పెరుగనిచ్చినచో ఆ వేరు ఎవరి యాటంకమును లేక లోతునకు దిగును. సంచిలో పెంచిన మొక్కకు ఆ స్వాతంత్ర్యము లేదు. అడుగున తగిలి, చుట్టుకొని, నాటునాటికి సుడులు తిరిగి యుండును. అందుచేత మెట్టపొలమున, బోరు లేనిచోట, చెట్టు నూరేండ్లు నిలువవలెనని కోరువాడు టెంకను నాటుటయే కాలము కలిసివచ్చు మార్గము. అంటు కావలసినచో ఆ మొక్క బలపడిన పిమ్మట అచ్చటనే కట్టుకొనవచ్చును. ఆలస్యమును గూర్చి మాటలాడువారు మొదటి పదేండ్లను లెక్కించుచున్నారు. చివరి యేబదియేండ్లను లెక్కించుట లేదు.

మూడవ నేరమునకు సమాధానము సులభము. అమ్మకమునకై వేసిన తోటలో అన్ని పండ్లు ఒకే తీరున ఉండవలెను. నున్న మామిడిమార్కెట్టునకు లారీ ఎత్తించు రైతును టెంకమొక్కలు నాటుమని నేను చెప్పను, చెప్పుట ద్రోహము. కాని భూమి యంతయు తోటయేనా? చెరువుగట్టు, రహదారి, బడియావరణము, దేవాలయపు మాన్యము, పొలముగట్టు ఇవన్నియు మండీకి కాయ పంపుటకై ఉన్నవి కావు. అచ్చట కావలసినది ఎత్తు, నీడ, దీర్ఘాయువు. తోటలో దోషముగా ఎంచు పెద్దతనమే అచ్చట గుణము. అశోకచక్రవర్తి తన శాసనమున, బాటల వెంట మఱ్ఱిచెట్లను, మామిడితోపులను నాటించితినని చెప్పుకొనెను. ఆ తోపులు బాటసారికి నీడ నిచ్చుటకు పుట్టినవి. వంటయింటికి వచ్చినచో ఆవకాయకు గట్టికండ, కరకు పులుపు, ముక్కను వీడని టెంకపొర కావలెను. పప్పులోనికి పుల్లకాయ కావలెను. పీచుపండును రెండుచేతుల నలిపి రసము పీల్చుటలోని సుఖ మెఱిగినవారు ఇప్పటికిని పల్లెలలో ఉన్నారు. కర్ణాటకమున పశ్చిమకనుమల నదీతీరములందు పుట్టు అప్పెమిడి యను పిందెమామిడి పండుగా తినుటకు పనికిరాదు. అయినను దాని సువాసనకై ఊరగాయ పెట్టువారు ప్రాకులాడుదురు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. పులుపునకును పీచునకును విలువ లేదనుట మార్కెట్టు తీర్పే కాని నాలుక తీర్పు కాదు.

ఇంతవరకు నేరములకు ప్రత్యుత్తరము చెప్పితిని. ఇక నేను మోపు నేర మొకటి కలదు. అంటుమొక్కనే నాటుదు మను నియమమును ఊరంతయు, జిల్లాయంతయు పాటించినచో, లక్షలచెట్లు ఉన్నట్లే యుండి నిజమునకు పది పండ్రెండు చెట్లే యుండును; ఏలయన ఒక రకపు అంటు లన్నియు ఒకే వృక్షముయొక్క కొమ్మలు. ఒకదానిని చంపగల తెగులు అన్నిటిని చంపగలదు. ఐర్లండువారు దుంపముక్కలు నాటి పెంచిన బంగాళాదుంపలలో ఒకే రకమును ఎక్కువగా నమ్ముకొనియుండగా 1845లో తెగులు సోకి దేశము కరవుపాలయ్యెను. ప్రపంచవిపణి నేలిన గ్రోమిషెల్ అరటి, పిలకలచేతనే వ్యాపించినదగుటచే, పనామా తెగులునకు ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున తలవంచి, కావెండిష్‌కు చోటు విడిచెను. మామిడికి అట్టి విపత్తు వచ్చితీరునని నేను భయపెట్టుట లేదు; వచ్చినచో ఎదుర్కొను శక్తి ఏ చెట్టులో దాగియున్నదో తెలియనప్పుడు, తెలియని చెట్లన్నిటిని నరకుట వివేకము కాదని మాత్రమే చెప్పుచున్నాను. అంతియకాదు: దశేరీ, లంగ్రా, చౌసా వంటివి తమ పుప్పొడితో తాము కాయలేవు, పరాయిచెట్టు ప్రక్కన లేనిదే కాపు నిలువదు. నాటుచెట్టును కొట్టివేసిన తోటవాడు ఒక్కొక్కప్పుడు తన పంటనే కొట్టివేసికొనుచున్నాడు.

పోనిండు, విత్తనములను దాచి యుంచుకొందమనువారికి మామిడి ఆ వెసులుబాటు ఇయ్యలేదు. వరిగింజను ఆరబెట్టి చలువగదిలో ఏండ్లతరబడి నిలువ చేయవచ్చును. మామిడిటెంకలోని జీడి ఎండినచో చచ్చును, అధికమైన చలికిని చచ్చును. పండునుండి తీసిన కొన్ని వారములలోనే దాని మొలకశక్తి క్షీణించును. మామిడి వైవిధ్యమును కాపాడుటకు నేలలో నిలిచిన చెట్టుకన్న సులభమైన భాండాగారము లేదు. లక్నోలోను సంగారెడ్డిలోను పరిశోధకులు రకములను చెట్లుగానే పోషించుచున్నారు. కాని పేరున్న రకములకే అచ్చట చోటు దొరకుట సులభము. పేరు లేని గట్టుమామిడికి దిక్కు దాని గట్టే.

కనుక నేను కోరునది అంటును మానుమని కాదు. పాతనాటుచెట్టును కొట్టదలచినవాడు కొట్టుటకు ముందు ఒక ఋతువు దాని కాయను, పండును నలుగురిచేత రుచి చూపించి, మంచిదైనచో నాలుగు కొమ్మలనైనను అంటుకట్టించి, పిమ్మట తన ఇష్టమువచ్చినట్లు చేయవలెను. తోటలోని అంటులు తోటలోనే యుండనిచ్చి, గట్లమీదను, బాటప్రక్కలను, బడులలోను తొలకరికి ముందు తిన్న మేలిపండ్ల టెంకలను ఎండనీయక, ఎచ్చట పెరుగవలెనో అచ్చటనే పాతవలెను. నర్సరీవారు అంటుమొక్కకు కట్టు చీటీపై పైకొమ్మ రకముతోపాటు మొదలు రకమును వ్రాయవలెను, కొనువారు అడిగి వ్రాయింపవలెను. పరిశోధనస్థానములు గ్రామములందలి మంచి నాటుచెట్లను చూపుమని ప్రజలను పిలువవలెను. ఈ పనులలో ఏదియు ధనవ్యయమునకు అంజి మానదగినది కాదు. ఇవి చేయుటకు అడ్డుపడునది ఒక్క దురభిప్రాయమే. ఆ దురభిప్రాయమును ఇంకను విడువనివారు, తాము వేసవిలో ఆరగించు బంగినపల్లికి మూలమైన చెట్టునకు మొట్టమొదట అంటు కట్టినవా డెవడో చెప్పి, ఆ పిమ్మట టెంకమొక్క వ్యర్థమను మాట పలుకుదురు గాక.